కడగని పన్ను

"పీకేద్దాం," అన్నారు రాఘవేందర్ సార్, ఎక్స్‌రే వంక రెండు క్షణాలు చూసి. మూడో క్షణం ఆయన ఏ పేషెంటుకూ ఇవ్వరు.

కుర్చీలో వెల్లకిలా పడుకున్న రాములు నోరు తెరిచే ఉంది. నోరు తెరిచిపెట్టుకున్న మనిషి ఏమని అభ్యంతరం చెబుతాడు? పై వరసలో ముందరి పన్ను, దాని పైన చిగురు మీద కందిగింజంత పొక్కు. నొక్కితే చీము. మూడు నెలల కిందట కార్ఖానా ఏరియాలోని ఇదే క్లినిక్‌లో, ఇదే కుర్చీలో ఆ పంటికి రూట్ కెనాల్ అయింది. లోపల చచ్చిన నరం తీశాం, శుభ్రం చేశాం, మూసేశాం, ఇక దిగులు లేదని చెప్పి పంపారు. బయట బోర్డు మీద మూరెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది: 'రోటరీ మెషీన్‌తో ఇరవై అయిదు నిమిషాల్లో రూట్ కెనాల్. ఒక్క సిట్టింగే.' మెషీన్ తన మాట నిలబెట్టుకుంది. పన్నే నిలబడేలా లేదు.

పక్కన నిలబడ్డ అక్సాకు చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు కోపం ముందు చెవులకు వస్తుంది, తర్వాతే నోటికి. డెంటల్ కాలేజీ నుంచి బయటపడి ఈ క్లినిక్‌లో జూనియర్ డాక్టరుగా చేరి ఏడాదవుతోంది. ఈ ఏడాదిలో ఇలా తిరిగొచ్చిన పళ్ళు ఎన్నో ఆమె లెక్క పెట్టలేదు గానీ, వచ్చిన ప్రతిసారీ సార్ నోట 'పీకేద్దాం' అనే మాట మాత్రం గుర్తుంది.

రాములు నోట్లోంచి అద్దం తీసీ తీయగానే లేచి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నా ఛాతీ మాత్రం విశాలం.

"పీకుడు వద్దు సార్. నేను ట్రంపెట్ ఊదెటోన్ని. బన్సీలాల్‌పేట్ల మా బ్యాండు ఉంటది. గీ పన్ను మీదనే ఆనుతది ట్రంపెట్ మూతి. గిది పోతే గాలి ఆగది సార్, సుర్రుమని పోతది."

"ఇంప్లాంట్ పెడదాం. అసలు పన్ను కంటె గట్టిగుంటది."

"ఎన్ని దినాలు పడ్తది?"

"అంతా కలిపి ఓ ఆర్నెల్లు."

రాములు నవ్వలేక నవ్వాడు. "ఇప్పుడు ఆషాఢం నడుస్తున్నది సార్, లగ్గాలు లేవు. శ్రావణం రాంగనే బరాత్‌లు షురూ. ఆర్నెల్లు నేను మూతి ముడుచుకొని కూసుంటే నా జాగాల ఇంకొకడు నిలవడ్తడు. ముప్పై ఏండ్ల సంది ముందల నడిచినోన్ని, ఎనుకకు పోయి జనరేటర్ బండి నూకాల్నా?"

"ఆలోచించుకో," అని సార్ గ్లవ్స్ తీసేసి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ ఇంకొక నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంది.

అక్సా ఎక్స్‌రే చేతిలోకి తీసుకుంది. కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది తప్పు. రాములు పంటికి చిన్నప్పుడెప్పుడో గట్టి దెబ్బ తగిలి ఉండాలి. ఆ వయసులో నరం చచ్చిపోతే లోపలి దారి సన్నబడకుండా అలాగే వెడల్పుగా మిగిలిపోతుంది. అంత వెడల్పు దారి నడుమ మొన్నటి ఫిల్లింగ్ పెన్సిల్ గీతలా సన్నగా, ఒంటరిగా నిలబడి ఉంది. రెండు పక్కలా ఖాళీ. ఊరగాయ జాడీలో చీపురుపుల్ల గిర్రున తిప్పి, జాడీ కడిగేశామని మూత పెట్టినట్టుంది. లోపల మిగిలిన కుళ్ళు ఊరుకుంటుందా? వేరు కొసన చీము పట్టి చిగురును పొడుచుకుని వచ్చింది. తప్పు పంటిది కాదు. మరి శిక్ష పంటికెందుకు?

పేషెంట్లు కాస్త పలచబడ్డాక ఆమె సార్ గదిలోకి వెళ్ళింది.

"ఆ పన్ను పీకాల్సిన పన్ను కాదు సార్. లోపల కడగనే లేదు."

"కడగకుండ ఎట్ల మూస్తం?" సార్ ఫోనులోంచి తలెత్తలేదు.

"మెషీన్ ఫైలు నడుమ తిరిగింది. గోడలను ముట్టుకోలేదు. మెషీన్ దారి చేస్తుంది సార్, అంతే. కడిగేది హైపో మందు. దానికి పని చేసే టైమివ్వాలి. మనం రెండు సిరంజీలు పోసి, అర నిమిషంలో పీల్చేసి, దూది పెట్టేస్తున్నాం. అర నిమిషంలో గిన్నె కూడా తోమలేం."

ఈ మాటకు సార్ తలెత్తారు. "చూడు అక్సా. నేను చదువుకునేటప్పుడు అన్నీ చేతితోనే తిప్పినం. బొటనవేలికి కాయలు కాసేటివి. ఒక్కో పంటికి నాలుగు సిట్టింగులు. రెండో సిట్టింగుకే పేషెంట్ గాయబ్. సగం పళ్ళు గట్లనే నడుమంతరాన ఆగిపోయేటివి. ఇప్పుడు ఒక్కసారికి ఖతం. గిది ముందటికి పోవుడా, ఎనుకకు పోవుడా?"

అందులో సగం నిజముంది. ఆ మోటారంటే అక్సాకూ ఇష్టమే. వంకర దారుల్లో మెత్తగా వంగుతూ, గోడలను గీకుతూ పోయే సూదుల్లాంటి ఆ ఫైళ్ళు చేతి ఫైళ్ళ కంటే వందరెట్లు నయం. మంచి పనిముట్టు దొరికితే మిగిలిన టైము కడగడానికి వాడుకోవాలి గానీ, ఇంకో పేషెంటును ఎక్కించుకోవడానికా? ఆమె ఒళ్ళు మండింది అందుకే.

"సార్, నాకు వదిలెయ్యండి. నేను మళ్ళీ తెరిచి చేస్తాను. గంటన్నర కావాలి."

"గంటన్నర! నువ్వు లోపల కూని రాగాలు తీసుకుంట మందు పోస్తుంటే బయట పేషెంట్లు భజన చెయ్యాల్నా?" సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "సరే. మధ్యాహ్నం క్లినిక్ బంద్ ఉంటది గద, రెండు నుంచి అయిదు దాక. అప్పుడు చేసుకో. కానీ ఒక్క మాట. ఆషాఢం ఎల్లేసరికి ఆ పొక్కు పోకపోతే పన్ను నువ్వే పీకాలె. నేను కాదు. నీ చేత్తోని."

"సరే సార్," అంది అక్సా. బయటికొచ్చాక గాని ఆ 'సరే' ఎంత బరువైనదో ఆమెకు తెలియలేదు.

పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు. రెండో అంతస్తు దాకా అద్దాలు, ఏసీ, గోడ నిండా నవ్వుతున్న పళ్ళ బొమ్మలు. పంటి లోపల చూస్తే కుళ్ళు అలాగే ఉంది. పైకి కనిపించే పళ్ళను తెల్లగా చెయ్యడానికి గంటసేపు లైటు పెడతారు. కంటికి కనపడని చోట కడగడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. కనపడనిదే కదా, ఎవరడుగుతారు? మనిషి నోరు తెరిచి కళ్ళు మూసుకుని నమ్మి పడుకుంటాడు. ఆ నమ్మకం మీద ఇరవై అయిదు నిమిషాల బోర్డు కట్టడమంటే అక్సా దృష్టిలో అది దొంగతనమే.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించి, దేవమ్మ ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా ఆ క్లినిక్‌లో సామాను కడగడం, మందులు కలపడం, పేషెంట్ల పేర్లు రిజిస్టరులో రాయడం, అన్నీ ఆమె పనే. అన్నం తినే వేళ పోయినందుకు కాస్త విసుగ్గానే ఉన్నా, రాములు మొహం చూసి సామాను తీసి పెట్టింది.

"రబ్బరు షీటు కావాలి దేవమ్మక్కా."

"గదెందుకు? సారు ఎన్నడు వాడడు." బీరువా అడుగు అరలోంచి తీసిన డబ్బాకు సీలు కూడా ఊడలేదు.

అక్సా ఆ పలచని పచ్చ రబ్బరు షీటుకు చిన్న చిల్లు చేసి, అందులోంచి ఆ ఒక్క పన్నును పైకి తీసి, నోటిని మొత్తం కప్పేసింది. ఉమ్మి పంట్లోకి పోదు, మందు గొంతులోకి పోదు. పాపం రాములుకు ఇక మాట్లాడే దారీ లేదు. "నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి," అని చెప్పి పని మొదలుపెట్టింది.

పాత ఫిల్లింగ్ బయటికి లాగడానికి పావుగంట పట్టింది. అది రావడంతోటే వాసన. దేవమ్మ మొహం తిప్పుకుంది. మురిక్కాలవ మూత తెరిచినట్టుంది. అక్సా లావుపాటి చేతి ఫైళ్ళతో గోడలన్నీ తడుముతూ గీకింది. గీకిన కొద్దీ నల్లటి మడ్డి. మెషీన్ వీటి పక్కనుంచి ఎంత హాయిగా తిరిగి వెళ్ళిపోయిందో!

"హైపో ఇవ్వు అక్కా."

దేవమ్మ సిరంజి నింపి ఇచ్చింది. అక్సా దాన్ని పంటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. మాస్కు దించి సిరంజిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. హైపో అంటే ఒక రకంగా బ్లీచింగే, మూత తీస్తే గది దాటి రావాలి వాసన. సీసా తెప్పించి మూత తీసి చూసింది. నల్లా నీళ్ళ వాసన వచ్చింది.

"ఇందులో ఏం కలిపావక్కా?"

దేవమ్మ ముందు తెల్లమొహం వేసింది. తర్వాత, దాచడానికి ఏముందన్నట్టు చెప్పేసింది. పోయినేడు కంటోన్మెంటులో ఉండే ఒక పెద్దింటావిడ వచ్చి, నా నోట్లో బాత్రూం కడిగేది పోస్తారా అని క్లినిక్ ఎగిరిపోయేలా అరిచిందట.

"సారు నన్ను పిలిచి, రేపటి సంది గీ వాసన రావద్దు అన్నడు. నేనేం జేస్త? వాసన పోవాలంటె నీళ్ళు కలపాలె. ఇంట్ల ఫినాయిలు గట్లనే గద వాడుతం, మూతెడు మందు, బకెట్ నీళ్ళు. ఒక పాలు మందుకు అయిదు పాళ్ళు నీళ్ళు పోసిన. వాసన పోయింది. ఎవ్వరు సుత మల్ల అడగలే."

అక్సా నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఇది నేల తుడిచే మందా? పంట్లో క్రిములను చంపేది అదొక్కటేనని తెలియదా? ఏడాదిగా ఇంతమంది పళ్ళలో ఉత్త నీళ్ళు పోయించావా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, సార్ మీద పడాల్సిన తిట్లన్నీ దేవమ్మ నెత్తిన పడ్డాయి.

దేవమ్మ కొంతసేపు పడింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుంది.

"జెర ఆగుండ్రి డాక్టరమ్మా. నేను ఏడో తరగతి చదువుకున్న. ఏం చెప్తె గది చేస్త. మీరు డాక్టర్లు. సిరంజి దినాం పదిసార్లు చేతుల పట్టుకుంటిరి. నాకంటె ఎరుక లేదు, మీకు ముక్కు లేదా?"

రాములు కుర్చీలోంచి చెయ్యి ఎత్తాడు.

"నొప్పా?" అంది అక్సా గబుక్కున.

కాదని తలాడించాడు.

దేవమ్మ మాటకు జవాబు ఉందని అక్సా అనుకుంది. తను చేరేటప్పటికే ఆ సీసాకు వాసన లేదు, కొత్త రకం మందేమో అనుకుంది. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉండేదో కూడా గుర్తొచ్చింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టి, సీలు తియ్యని కొత్త సీసా తెమ్మంది. ఈసారి మూత తియ్యగానే ముగ్గురికీ కళ్ళు చెమర్చాయి.

పక్కన చిల్లున్న సన్న సూదితో, వేరు కొస దాకా పోనియ్యకుండా రెండు మిల్లీమీటర్లు ముందే ఆపి, మెల్లగా, బొట్టు బొట్టుగా లోపలికి వదిలింది. వేరు కొస దాటితే ఆ మందు కండను కాల్చేస్తుంది. అందుకే తొందర పనికిరాదు. లోపల సన్నగా నురగ లేచింది. దారికి సరిపడే రబ్బరు పుల్ల ఒకటి తీసుకుని పైకీ కిందికీ ఆడించింది, మందు గోడల మూలమూలకూ పాకేలా. పీల్చేసింది. మళ్ళీ కొత్తది పోసింది. మళ్ళీ ఆడించింది. మొదట మడ్డిగా వచ్చిన నీళ్ళు పది నిమిషాలకు చాయ రంగుకు వచ్చాయి. ఇరవై నిమిషాలకు కూడా పూర్తిగా తేరుకోలేదు.

చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోలేదు.

"చూశావా అక్కా, ఇంకా వస్తూనే ఉంది. ఇరవై అయిదు నిమిషాలట! అంత కుళ్ళు లోపల పెట్టి, పైన సిమెంటు పూసి, ఈయన చేతికి మందుచీటీ ఇచ్చి పంపారు. మనిషన్నవాడు చేసే పనేనా? రాములు గారూ, మీ పంటికి ఏమీ కాలేదు. మీ పంటికి పట్టింది ఆ మనిషి తొందర. డిగ్రీ గోడకు తగిలించుకుంటే సరిపోతుందా? సిగ్గుండాలి చేసినవాళ్ళకు!"

రాములు మళ్ళీ చెయ్యెత్తాడు.

"నొప్పి పుడుతోందా?"

కాదు.

"మరి చెయ్యెందుకు ఎత్తుతున్నారు? ఇంకొంచెం ఓపిక పట్టండి." మళ్ళీ సిరంజి నింపింది. మళ్ళీ సార్‌ను తిట్టింది. గోడలకు పట్టిన పొర వదలడానికి ఇంకో మందు, మధ్యలో సెలైను, చివరికి మళ్ళీ హైపో. నాలుగు కావస్తుండగా లోపలినుంచి తేటనీరు వచ్చింది. సున్నపు మందు నింపి, పైన తాత్కాలికంగా మూసి, రబ్బరు షీటు తీసేసింది.

రాములు దవడ అటూ ఇటూ కదిలించి, నీళ్ళు పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"గా దినం సారు ఎక్కడ చేసిండు డాక్టరమ్మా?" అన్నాడు, మామూలుగా. "సారు గీ రూంల లేనే లేకుండె. చేసింది నువ్వే గద."

అక్సాకు అర్థం కాలేదు. "ఏ దినం?"

"హోలీ అయిన వారం. నువ్వు మూతికి గుడ్డ కట్టుకున్నవ్, ఏదో చర్చి పాట మెల్లగ పాడుకుంట చేసినవ్. అయిపోయింది పెద్దాయనా, ఇంక దిగులు లేదన్నవ్. నీ గొంతు నాకు యాదికుండదా? నేను పాటగానోన్ని."

అక్సా దేవమ్మ వంక చూసింది, కాదని చెప్పమన్నట్టు. దేవమ్మ వెళ్ళి రిజిస్టరు తెచ్చి మార్చి నెల పేజీ తీసింది. కార్డుల మీదైతే ఎవరు చేసినా సార్ ముద్రే పడుతుంది. దేవమ్మ మాత్రం తన లెక్కకు ప్రతి పేరు పక్కన ఒక గుర్తు పెట్టుకునేది, సార్ చేస్తే చుక్క, అక్సా చేస్తే గీత. రాములు, బన్సీలాల్‌పేట్, పై ముందరి పన్ను. పక్కన గీత. ఆ రోజు పేజీలో తొమ్మిది పేర్లున్నాయి. తొమ్మిదికీ గీతలే.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. అక్సా ఆ గీత వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఆమెకు మనిషి గుర్తు లేడు. పోనీ, డాక్టర్లు మొహాలు మరిచిపోతారు, పళ్ళు మరిచిపోరంటారు. ఆ పన్నూ గుర్తు లేదు! అంత వెడల్పు దారి, వేలమందిలో ఒకరికి ఉండే దారి, తన చేతి కిందనుంచి వెళ్ళిపోయింది. చూడలేదు. తొమ్మిదో వాడు, ఆరో వాడు, ఎన్నో వాడైతేనేం. సార్ తొందర పెట్టారన్నది నిజం. కానీ సిరంజి పట్టుకున్న చెయ్యి సార్‌ది కాదు. ఇందాకటినుంచి సార్‌ను అన్న ప్రతి మాటా ఇప్పుడు తిన్నగా తన చెవుల్లోకే వస్తోంది.

"మీకు ముందే తెలుసు," అంది. "తెలిసీ నా చేతికే మళ్ళీ నోరిచ్చారా?"

"ఏం జెయ్యాలె మల్ల? సారు పీకుతనన్నడు. నువ్వొక్కదానివే వద్దన్నవ్."

"కోపం రాలేదా?"

"రాకుంట ఉంటదా?" రాములు గొంతు మొదటిసారి లేచింది. "వైశాఖంల మూడు బరాత్‌లు పోగొట్టుకున్న. మూడోదాంట్ల పెండ్లికొడుకు గుర్రమెక్కినంక నా ట్రంపెట్ పలకలే. మూతి వాచి బుగ్గల్లకు చీము దిగింది. పోరగాండ్లు నవ్విండ్రు. ఆడరాక మద్దెల ఓడన్నట్టు, నేను వాయిద్యం మీదికి నూకిన. ఇంటికొచ్చి నీ మీద ఎంత తిట్టుకున్ననో నాకెరుక. ఇయ్యాల నువ్వు సారును తిడ్తుంటె, గా తిట్లన్ని నాకు కొత్తగ ఏం లేవు. నేను తిట్టినయే. పేరొక్కటే వేరు."

అక్సా క్షమించండి అనబోయి, ఆ మాట ఎంత చవకగా ఉందో తోచి మింగేసింది.

"ఎప్పుడు రావాలె మల్ల?" అన్నాడు రాములు, చెప్పులేసుకుంటూ.

"పది రోజులకు," అంది.

పది రోజులకు వచ్చాడు. పొక్కు సగానికి తగ్గింది. మళ్ళీ తెరిచి, మళ్ళీ గంటసేపు కడిగింది. ఈసారి ఆమె ఎవరినీ తిట్టలేదు, పాటా పాడలేదు. ఆషాఢం వెళ్ళడానికి ఇంకా వారం ఉందనగా మూడోసారి వచ్చాడు. చిగురు మీద పొక్కు ఉన్న చోట నున్నగా, గులాబీ రంగులో ఉంది. అక్సా వేలితో నొక్కింది. పొడిగా ఉంది. ఇంకోసారి నొక్కింది. వెడల్పు దారిని గోడ నుంచి గోడ దాకా నింపి మూసేసింది. వేరు కొసన ఎముక పూర్తిగా కట్టుకోవడానికి నెలలు పడుతుందనీ, ఆర్నెల్లకొకసారి ఎక్స్‌రే తియ్యాలనీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక దిగులు లేదు అన్న మాట మాత్రం అనలేదు.

రాములు సంచిలోంచి ట్రంపెట్ తీశాడు. మూతికి ఆనించి, భయం భయంగా ఒక్క స్వరం పట్టాడు. అది వణికింది, నిలబడింది, తర్వాత క్లినిక్ అద్దాలన్నీ అదిరేలా సాగింది. దేవమ్మ చెవులు మూసుకుని నవ్వింది.

ఆ చప్పుడుకు సార్ లోపలికి వచ్చారు, ఇంకా అయిదు కాకముందే. ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూసి, నిజంగానే సంతోషించారు.

"వాహ్! గివి రెండు పెద్దగ చేయించి ముందల హాల్ల పెడదాం. పీకాల్సిన పన్ను, మన మెషీన్‌తోని బచాయించినం. బోర్డు మీద గిదే వేస్త."

అక్సా చెవులు భగ్గుమన్నాయి. "మెషీన్‌తో కాదు సార్. మూడు సిట్టింగులు, నాలుగు గంటలు. అది కూడా వెయ్యండి బోర్డు మీద. మొదటి ఇరవై అయిదు నిమిషాలు ఆ పన్నును చంపబోయాయని కూడా వెయ్యండి. చేసింది నేనే."

"మంచిగైన కేసుకు గా లొల్లి ఎందుకిప్పుడు?"

"ఒక్కటడుగుతా డాక్టరమ్మా," అన్నాడు రాములు, ట్రంపెట్ సంచిలో పెడుతూ. "నాకంటె మూతితోని పని, గందుకు గట్టిగ నిలవడ్డ. గా నీళ్ళు పోయించుకున్నోళ్ళు ఇంకెంతమంది?"

సార్ ఆ మాట విననట్టు తన గదిలోకి వెళ్ళారు. అక్సా దేవమ్మ బల్ల ముందు కూర్చుని రిజిస్టరు ముందుకు లాక్కుంది. తను చేరిన నెలనుంచి గీతలు లెక్కపెట్టింది. మూడు వందల పదకొండు. మొదటి పేరు స్వర్ణలత, ఇల్లు రాంగోపాల్‌పేట్, కింది దవడ పన్ను. క్లినిక్ ఫోను తీసి నంబరు నొక్కింది.

"ఎవరికి?" సార్ గది గుమ్మంలోకి వచ్చారు.

"నేను కడగని పళ్ళకు."

"పాగల్ అయినవా? పేషెంట్లకు ఫోన్ చేసి మనం తప్పు చేసినమని చెప్తవా? ఆ ఫోన్ పెట్టు. లేకుంటె రేపటి సంది రాకు."

"రేపటి సంగతి రేపు సార్. అయిదు దాకా క్లినిక్ బంద్. ఈ టైము మీరు నాకిచ్చిందే."

అవతల ఎవరో ఎత్తారు.

"హలో, స్వర్ణలత గారేనా అండీ? నేను కార్ఖానా పళ్ళ క్లినిక్ నుంచి డాక్టర్ అక్సాను. పోయినేడు మీ కింది పంటికి రూట్ కెనాల్ చేసింది నేనే. అది సరిగా కడగలేదు. తప్పు నాది. మీరు ఒకసారి వస్తే..."

"గా పన్నా?" అవతలి గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "గది మల్ల వాస్తే నేను అప్పుడే వస్తి గదమ్మా. సంక్రాంతి ముందు. మీ సారే చూసి, ఇంక లాభం లేదు, మీ పన్నే మంచిది కాదు అని పీకేసిండు. మత్తు సూది ఇచ్చేటప్పుడు నువ్వే నా చెయ్యి పట్టుకున్నవ్."

ఫోను ఇంకా మాట్లాడుతోంది, ఆమె పంటి సెట్టు గురించి ఏదో అడుగుతోంది. అక్సా వింటూనే ఆ పేరు పక్కన 'పీకేశాం' అని రాసింది. సార్ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

దేవమ్మ వచ్చి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని, రెండో గీత మీద వేలు పెట్టి, నంబరు చదవడం మొదలుపెట్టింది.